ఈ రోజు ఎన్ని

మా జిరాక్స్ షాపు మీద స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూటు,
ఆ పైన డాబా మీద ఆవిడ గది.
బ్రాడీపేట నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు.
వచ్చిన కొత్తల్లో
రెండో లైను, నాలుగో అడ్డరోడ్డులో నిలబడి
"నేను వచ్చేశాను, ఇల్లు రాలేదు" అని ఫోన్ చేసింది.

పేరు కారిస్.
ఆ పేరు రెండు రోజులే నిలిచింది,
మూడో రోజుకి కారం మేడం.
గుంటూర్లో ఒక మనిషికి
అంతకంటే మర్యాద ఏం చేస్తాం.

పొద్దున తొమ్మిదికి ఒక కాగితం పట్టుకుని దిగుతుంది.
"ఈ రోజు ఎన్ని మేడం?"
"ఇరవై రెండు."
అంకెలు నా దగ్గర నేర్చుకుంది,
బేరం కూరగాయల బండి కోటేశమ్మ దగ్గర.

వానలు మొదలయ్యాక అంకె జారింది.
తుంపరయితే పద్దెనిమిది.
ముసురు పడితే పన్నెండు,
మూడు వంతెనల కింద నీళ్లు నిలిస్తే
అవతలివాళ్లు అవతలే.
అల్పపీడనం అని టీవీలో చెప్పిన రోజు, ఆరు.
ఎన్ని సెంటీమీటర్లు కురిసిందో పేపర్లో చూడను నేను,
ఆవిడ వేళ్లు చూస్తాను.

గొడుగు కొనదు.
వాళ్ల ఊళ్లో గాలికి గొడుగు నిలవదట, అలవాటు తప్పిందట.
జుట్టులోంచి నీళ్లు కారుతూ, చెప్పులు చేత్తో పట్టుకుని
కాగితాన్ని మాత్రం పాల కవర్లో పెట్టి తెస్తుంది.
గదిలో ఫ్యాను కింద తాడు కట్టింది,
మూడు రోజులుగా ఆరని టవలు
పచ్చళ్ల జాడీ మూతగుడ్డలా వాసనేస్తోందని
నన్ను పిలిచి వాసన చూపించింది.
అవును మేడం, అన్నాను.
ఇంకేం అంటాం.

ఆ ఆరుగురిలో మస్తాన్‌వలి ఎప్పుడూ ఉంటాడు.
మిర్చి యార్డులో కాటా దగ్గర పని,
అతను లోపలికొస్తే
గ్రామరు ఆగిపోయి క్లాసంతా ఒకే తుమ్ము.

ఆ వేళ కరెంటు పోయింది.
మెషిను కళ్లు మూసుకుంది.
"ఆరే కదా" అని ఆవిడ స్టూలు లాక్కుంది,
మూడు నీకు, మూడు నాకు.
తొమ్మిదేళ్లుగా ఇంగ్లీషుని గాజు మీద బోర్లా పడుకోబెట్టినదాన్ని,
ఒక్క వాక్యం చేత్తో రాసి ఎరగను.
ఫోను లైటు వెలుగులో మొదటి లైను:
ఇట్ ఈజ్ రైనింగ్.

"రైనింగ్ సరే మేడం. ఆ ఇట్ ఎవరు?"
పెన్ను ఆపింది.
"ఎవరూ కాదు. వాక్యంలో ఒక కుర్చీ. ఖాళీది."
ఎవరూ కూర్చోని కుర్చీ ఎందుకూ అంటే నవ్వింది.
"మస్తాన్ కూడా అడిగాడు."

తర్వాత, రోడ్డు మీద నీళ్లు చూస్తూ చెప్పింది,
ఇంగ్లీషు తనకీ బళ్లోనే వచ్చిందని,
ఇంట్లో వేరే భాష అని,
వాళ్లమ్మకి వానంటే గ్లౌ అని.
"మా అమ్మ భాషలో వాన పడదు. విసురుతారు."
"ఎవరు మేడం?"
"అదీ తెలీదు."

మాకు వానే పడుతుంది, ఎవరి పూచీ లేదు, అన్నాను.
వాన పడుతోంది, అని రెండుసార్లు అనుకుంది,
డ దగ్గర నాలుక తడబడి.
షట్టరు కిందనుంచి ఒక జల్లు వచ్చి
నా మూడో కాగితం మీద పడింది.
మళ్లీ రాస్తానన్నాను.
వద్దంది.

శుక్రవారానికి తెరిపిచ్చింది.
కోటేశమ్మ తడిసిన గోనెపట్టా మా గ్రిల్లు మీదే ఆరేసింది.
"ఈ రోజు ఎన్ని?"
"ఇరవై రెండు. ఇది."
పాల కవర్లోంచి తీసి ఇచ్చింది:
కుడివైపుకి ఒరిగిన నా అక్షరాలు,
ఒక ఆర్ తలకిందులుగా,
రైనింగ్ పక్కన సిరా అలుక్కున్న మరక.

గాజు మీద పెట్టి మూత దించాను.
మరక నల్లగా వచ్చింది,
ఇరవై రెండింట్లోనూ
ఒకే చోట.